సోదా నాడు నేను మోసిన కాళ్ళు

నేను ఒక అల్యూమినియం నిచ్చెనను. గోడకు చేరగిలబడే రకం కాదు. రెండు కాళ్ళు ముందుకీ రెండు కాళ్ళు వెనక్కీ చాపి, ఎవరి ఆసరా లేకుండా నిలబడే మడత నిచ్చెనను. నా పై మెట్టు వెడల్పుగా ఉంటుంది. దాని మీద కాలు పెట్టరాదని ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆ మాట చదివి కాలు వెనక్కి తీసిన మనిషిని నేను చూడలేదు.

మీరు నన్ను టీవీలో చూసే ఉంటారు. ఒక లోకల్ ఛానల్ వాళ్ళు అదే దృశ్యం తిప్పి తిప్పి వేశారు. ఒక ఇంటి హాలు, హాలు మధ్యలో నేను, నా మీద ఒక ఖాకీ ప్యాంటు. కింద పెద్ద అక్షరాలతో 'బొమ్మల చాటున ఫార్ములా'. మీరు నన్ను గమనించి ఉండరు. అందరి కళ్ళూ సోఫా అంచున కూర్చున్న మనిషి మీదే ఉన్నాయి. అతని పేరు చంద్రమౌళి. ఆ ఉదయం ఆ ఇంట్లో అందరికంటే ఎత్తులో ఉన్నది నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను. నన్నెవరూ సాక్షిగా పిలవలేదు. పిలిచిన సాక్షులు ఏం చూశారో కూడా చెబుతాను.

నేను పుట్టింది బాలానగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. నన్ను మొదట కొన్నది సత్తయ్య అనే రంగుల మేస్త్రీ. అతనితో ఊరంతా తిరిగాను. నా ఒంటి మీద ఇప్పటికీ ఉన్న గంధం రంగు చుక్కలు ఒక కల్యాణ మండపానివి, నీలం చుక్కలు ఒక బడివి. నిచ్చెన మీద ఉన్నవాడికి కిందివాడి బట్టతల కనిపిస్తుందనీ, అందుకే వాడు తనను గొప్పవాడిననుకుంటాడనీ సత్తయ్య అంటుండేవాడు. ఆ తరువాత అతనికి దుబాయి వీసా వచ్చింది. బాచుపల్లి వైపు అప్పుడే రంగులు వేసి ముగించిన ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ సొసైటీకి నన్ను అమ్మేసి వెళ్ళిపోయాడు. దాని పేరు ప్రశాంతి ఎన్‌క్లేవ్. పేరు పెట్టినవాడు అక్కడ ఉండడు.

సెల్లార్‌లో జనరేటర్ వెనక నా చోటు. నేను ఏ ఒక్కరి సొత్తూ కాదు, అందరిదాన్నీ. ఎవరికి కావాలన్నా వాచ్‌మన్ యాదయ్య నన్ను భుజాన వేసుకుని వెళ్ళేవాడు. ఫ్యాన్లు తుడవడానికీ, పండక్కి లైట్లు కట్టడానికీ, అన్నిటికంటే ఎక్కువగా అటకలు ఎక్కడానికీ.

మీరు ఎవరింటికి వెళ్ళినా హాలు చూస్తారు. నేను అటక చూస్తాను. హాల్లో మనుషులు తాము ఎలా కనిపించాలనుకుంటారో అది ఉంటుంది. అటక మీద తాము పారేయలేనిది ఉంటుంది. సొసైటీ సెక్రటరీ సూర్యప్రకాశరావు గారు బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. వారి అటక మీద బ్యాంకు పేరున్న గోడ గడియారం, బ్యాంకు పేరున్న ఇనప కుర్చీ, ఎవరెవరివో పాత అప్పుల ఫైళ్ళు. రెండో అంతస్తులో టైల్స్ షాపు శివకోటి అటక మీద హోటళ్ళ పేర్లున్న తువాళ్ళు, ఒక వందమందికి సరిపడా. సాఫ్ట్‌వేర్ దంపతుల అటక మీద మూడు కంపెనీల కీబోర్డులు. ఎవరినీ తప్పు పట్టను. మనిషి పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా ఒక చోట గడిపితే ఆ చోటు కాస్త కాస్తగా ఇంటికి వచ్చేస్తుంది. చీమ నోట్లో పంచదార లాగా.

నాలుగో అంతస్తులో చంద్రమౌళి, అతని భార్య హైమ. ఇద్దరిదీ రాజమండ్రి ప్రాంతం. అతను ఒక పెద్ద మందుల కంపెనీలో క్వాలిటీ విభాగం. ఏ కంపెనీ అని అడగకండి, వాళ్ళకు లాయర్లు ఎక్కువ. తయారైన మందు సరిగా ఉందని ఇతను సంతకం పెడితేనే లారీ గేటు దాటుతుంది. అలాంటి ఉద్యోగంలో మనిషికి ఉండే ఆస్తి ఒక్కటే, అతని మాట నమ్మదగ్గదని లోకానికి ఉన్న నమ్మకం.

హైమకు దసరా బొమ్మల కొలువు ప్రాణం. అమ్మమ్మ నాటి మట్టిబొమ్మలు, తను కొన్న కొండపల్లి బొమ్మలు కలిపి ఒక ట్రంకు పెట్టెడు. ఏటా నేను వెళ్ళి పెట్టె దించేదాన్ని, పండగయ్యాక మళ్ళీ ఎక్కించేదాన్ని. హైమ బొమ్మలన్నిటికీ కాగితాలు చుట్టేది. వార్తాపత్రిక చుడితే సిరా బొమ్మల ముఖాలకు అంటుకుంటుందని ఆమెకు పట్టింపు. ఒక ఏడాది లక్ష్మీదేవి బుగ్గ మీద ఎవరిదో సంతాప ప్రకటన అచ్చయిందట. అప్పటినుంచీ ఆఫీసు తెల్లకాగితాలే కావాలంది. చంద్రమౌళి తెచ్చిచ్చేవాడు. ప్రింటర్‌లో చెడిపోయినవి, ట్రైనింగ్ క్లాసుల్లో పంచగా మిగిలిపోయినవి. కంపెనీ చిన్నదిగా ఉన్న రోజుల్లో గేటు దగ్గర గార్డే ఆ కట్టకు పురికొస కట్టి ఇచ్చేవాడు. కంపెనీ పెద్దదైంది, కాగితం ముక్క కూడా గేటు దాటకూడదని నియమం వచ్చింది. అప్పటికే బొమ్మలు పాత కాగితాల్లో నిద్రపోతున్నాయి. వాటిని లేపి కొత్త దుప్పట్లు కప్పాలని ఎవరికీ తోచలేదు. తప్పా అంటే తప్పే. హోటలు తువాలంత తప్పు.

ఆ కంపెనీ తయారుచేసే ఒక ఖరీదైన మాత్ర రహస్యం పోటీ కంపెనీకి చేరింది. ఎలా చేరిందో తెలియక, ఆ విభాగంలో పనిచేసే నలుగురి పేర్లు రాసి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. నలుగురిలో రెండో పేరు చంద్రమౌళి.

ఆ పొద్దున పాల ప్యాకెట్లు ఇంకా తలుపులకు వేలాడుతూనే ఉన్నాయి. యాదయ్య పరుగున వచ్చి నన్ను ఎత్తుకున్నాడు. లిఫ్టులో పట్టను కాబట్టి మెట్ల మీదుగా నాలుగు అంతస్తులూ మోశాడు. తలుపు తెరిచే ఉంది. హాల్లో ఎస్సై నరహరి, ముగ్గురు కానిస్టేబుళ్ళు, మెడలో నీలం తాడుకు గుర్తింపు కార్డు వేలాడుతున్న కంపెనీ తరఫు మనిషి ఒకడు. బీరువా, మంచాల కింద, బియ్యం డబ్బా అన్నీ అప్పటికే అయిపోయాయి. ఇక మిగిలింది అటకే.

సోదాకు పరువుగల స్థానికులు ఇద్దరు సాక్షులుగా ఉండాలట. సెక్రటరీ గారినీ శివకోటినీ నిలబెట్టారు. చట్టం ప్రకారం సోదా అంతా వీడియో తీయాలని ఒక కానిస్టేబుల్ ఫోను పట్టుకున్నాడు. ఆ మాట వినగానే సెక్రటరీ గారు ఒక్క నిమిషం అని ఇంటికి వెళ్ళి తల దువ్వుకుని వచ్చారు.

హైమ అలవాటు కొద్దీ కాఫీ ఇమ్మంటారా అని అడిగింది. సోదాలో తాగకూడదని ఎస్సై మర్యాదగానే చెప్పాడు. ఆ తరువాత ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొంగు పట్టుకుని నిలబడింది. చంద్రమౌళి సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. తన సోఫాలో తాను పూర్తిగా కూర్చోవచ్చో లేదో తేల్చుకోలేనట్టుగా.

ఒక కానిస్టేబుల్ నా మీద ఎక్కాడు. పై మెట్టు మీద కూడా కాలు వేశాడు. ట్రంకు పెట్టె అంచు పట్టి లాగాడు.

"బాబూ, తలకిందులు చెయ్యకు. పైనే పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఉన్నారు" అంది హైమ.

కానిస్టేబుల్ చెయ్యి ఆగిపోయింది. "ఎవలున్నరమ్మా?"

"బొమ్మలు నాయనా."

శివకోటి కిసుక్కుమన్నాడు. ఎస్సై నవ్వలేదు. పెట్టె కిందికి వస్తున్నంతసేపూ హైమ జాగ్రత్త, జాగ్రత్త అంటూనే ఉంది. పోలీసు చెవికి ఆ మాట వేరేగా వినిపిస్తుంది.

"ఏమున్నదమ్మా అండ్ల, గింత పరేషానయితున్నవు?"

"మా అమ్మమ్మ గారి బొమ్మలండీ. ముక్కులు విరిగిపోతాయి."

"ముక్కుల కోసమేనా?"

"మట్టిబొమ్మకి ముక్కు పోతే ఇంకేం ఉంటుందండీ."

తరువాత పంచనామాలో ఈ సంభాషణ అంతా ఒక్క వాక్యంగా మారింది. 'ట్రంకు పెట్టె దించు సమయమున నిందితుని భార్య తీవ్ర ఆందోళన కనబరచినది.' ఎస్సై చెబుతుంటే కానిస్టేబుల్ రాశాడు. ముక్కుల ప్రస్తావన లేదు.

పెట్టె తెరిచారు. కాగితాల పొట్లాలు. మొదటి పొట్లం విప్పితే ఏనుగు, రెండోది విప్పితే ధాన్యం కొట్టు శెట్టిగారు. బొమ్మను కింద పెడుతున్న కానిస్టేబుల్ కాగితం వైపు చూసి ఎస్సైకి అందించాడు. పైన కంపెనీ గుర్తు, మధ్యలో గళ్ళు, గళ్ళలో అంకెలు, అడుగున గోప్యం అని అర్థం వచ్చే ఇంగ్లీషు ముద్ర.

హాలు నిశ్శబ్దమైంది. ఇలాంటి నిశ్శబ్దం నేను ఇంతకు ముందు ఒకసారే విన్నాను, సత్తయ్య పనివాడొకడు రంగులు వేస్తూ సారవ కర్రల మీదనుంచి జారిపడినప్పుడు.

ఆ తరువాత ప్రతి బొమ్మనూ విప్పారు. విప్పినవాటిని గోడ వారగా వరసగా పేర్చారు. రాముడు, దశావతారాలు, గంగిరెద్దు, పల్లకీ. దసరాకు ఇంకా చాలా రోజులుంది. ఆ ఏడు ఆ ఇంట్లో కొలువు పోలీసులు పెట్టారు.

"ఏంది సార్ ఇవి?" ఎస్సై అడిగాడు.

"ట్రైనింగ్ కాగితాలండీ. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పడానికి ఉత్తుత్తి అంకెలు వేసి ఇస్తాం. క్లాసయ్యాక చెత్తే."

"చెత్త మీద కాన్ఫిడెన్షియల్ అని ఎందుకున్నది?"

"మా కంపెనీలో క్యాంటీన్ మెనూ మీద కూడా ఉంటుందండీ ఆ మాట. ఇడ్లీ ఎప్పుడు పెడతారన్నది కూడా గోప్యమే."

ఎస్సై మీసాల కింద నవ్వు కదిలింది. అతను నీలం తాడు మనిషి వైపు తిరిగాడు. నిజమేనా అన్నట్టు చూశాడు. నీలం తాడు మనిషి కాగితం చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టాడు. నేను పైనుంచి చూస్తున్నాను. కాగితం మూలన తేదీ ఉంది. ఆ మాత్ర పుట్టక ముందు తేదీ అది. అతని బొటనవేలు సరిగ్గా ఆ తేదీ మీద ఉంది.

"మా కంపెనీ డాక్యుమెంటే" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అబద్ధం ఆడలేదు. నిజం చెప్పడం అతని ఉద్యోగంలో భాగం కాదు, అంతే.

"తేదీ చూడండి సార్" అన్నాడు చంద్రమౌళి.

"తేదీలు ఇంకులు అన్నీ తర్వాత చూస్తరు. ఇప్పుడు దొరికింది రాసుకునుడే మా పని."

అప్పుడు హైమ అడిగింది, గొంతు ఎత్తకుండానే. "ఆయన దొంగంటారా సార్?"

"మేమెప్పుడన్నమమ్మా? కోర్టుల రుజువయ్యేదాంక ఎవలైనా నిర్దోషే. చట్టం గట్లనే అంటది." ఎస్సై ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అంటూనే చంద్రమౌళి ఫోను, ల్యాప్‌టాపు, కాగితాల కట్ట సంచిలో వేయించి, లక్క కరిగించి ముద్ర కొట్టించాడు.

సాక్షులు సంతకాలు పెట్టాలి. బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి, చదవకుండా సంతకం పెట్టవద్దని లోకానికంతా చెప్పిన సూర్యప్రకాశరావు గారు పంచనామా చదవకుండా సంతకం పెట్టారు. తన పేరు పేపర్లో వస్తుందా అని మాత్రం అడిగారు. శివకోటి పెట్టాడు. చంద్రమౌళి వాళ్ళిద్దరి ముఖాల్లోకి చూశాడు. ఒకరు గడియారం చూసుకున్నారు, ఒకరు పల్లకీ బొమ్మ చూశారు.

ప్రశ్నించడానికి రమ్మని అతన్ని తీసుకువెళ్ళారు. ప్రతి అంతస్తులోనూ తలుపులు బెత్తెడు తెరిచి ఉన్నాయి. బెత్తెడు సందులోంచి చూసేవాళ్ళకు మనిషి పూర్తిగా కనిపించడు. కనిపించినంతలో మిగతాది వాళ్ళే పూరించుకుంటారు. సాయంత్రానికి అతను ఇంటికి వచ్చాడు. వీడియో అంతకు ముందే వచ్చేసింది, సొసైటీ వాట్సాప్ గ్రూపులోకీ, అక్కడినుంచి టీవీలోకీ. ఎవరు పంపారో ఎవరికీ తెలియదు. సెక్రటరీ గారి జుట్టు బాగా పడిందని మాత్రం ఇద్దరు రాశారు.

ఇక చూడండి. ఆ మరునాటి నుంచి నాకు ఊపిరాడలేదు.

మొదట శివకోటి వచ్చాడు, ఫ్యాన్ తుడవాలని చెప్పి నన్ను తీసుకువెళ్ళాడు. ఫ్యాన్ జోలికి పోలేదు. తువాళ్ళన్నీ దించి, హోటలు పేర్లు కత్తెరతో కత్తిరించాడు. సాఫ్ట్‌వేర్ దంపతులు కీబోర్డులు దించారు. ఒక గవర్నమెంటు ఇంజినీరు గారు ఏవో నకళ్ళు దించి బాల్కనీలో కుంపటి పెట్టారు. సెక్రటరీ గారు నన్ను అందరికంటే ఎక్కువసేపు వాడుకున్నారు. అప్పుల ఫైళ్ళు చింపారు. గడియారం మీది బ్యాంకు పేరును భార్య గోళ్ళరంగు పూసి కప్పేశారు. ప్రశాంతి ఎన్‌క్లేవ్‌లో అటకలు అంత శుభ్రంగా ఎప్పుడూ లేవు. చెత్తబండివాడు ఈ అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ఖాళీ చేస్తున్నారా అని యాదయ్యను అడిగాడు.

"ఖాళీ ఎవల్జేస్తలేరు. అందరు నిర్దోషులైతున్నరు" అన్నాడు యాదయ్య.

అటకలు దులిపినవాళ్ళలో ఒక్కరూ నాలుగో అంతస్తు బెల్లు నొక్కలేదు. పైగా గ్రూపులో చర్చ మొదలైంది. ఆఫీసు కాగితాలు ఇంటికి తెచ్చుకునేవాళ్ళ మధ్య పిల్లల్ని ఎలా పెంచాలని ఇంజినీరు గారు రాశారు. కుంపటి వేడి ఇంకా ఆరలేదు.

కంపెనీ అతన్ని విచారణ పూర్తయ్యేవరకు పక్కన పెట్టింది. తరువాత ఆ పదవినే తీసేసింది. చంద్రమౌళి తన స్కూటరు నా పక్కనే నిలిపేవాడు కాబట్టి, ఒక రోజు హైమతో అన్న మాట విన్నాను. ఇల్లు గడవడం గురించి ఆమె ఏదో అడిగింది.

"ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుందే. నా సంతకం నమ్మడం మానేస్తే మాత్రం ఈ లైన్లో ఎవడూ గుమ్మం తొక్కనివ్వడు. నాకు పేరు తిరిగి రావాలి. అది వస్తే అన్నీ వస్తాయి."

అదొక్కటే అతనికి కావలసింది. తరువాత ఏం జరిగినా దాని చుట్టూనే జరిగింది.

దసరా వచ్చింది. హైమకు నా అవసరం పడలేదు, బొమ్మలు మళ్ళీ అటక ఎక్కలేదు కనుక. నాలుగో అంతస్తు వరండాలో దీపం పోతే యాదయ్య నన్ను వాళ్ళ గుమ్మం ఎదురుగానే వేశాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. కొలువు తీర్చి, పట్టుచీర కట్టుకుని, శనగలు పళ్ళెంలో పెట్టుకుని కూర్చుంది. పొద్దున ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పేరంటానికి పిలిచి వచ్చిందట. ఆడవాళ్ళు లిఫ్టు దిగుతున్నారు, చీరల చప్పుడు వినిపిస్తోంది, ఎదురు ఫ్లాటులో కొత్తగా పెట్టిన కొలువుకు వెళుతున్నారు. ఈ గుమ్మం ముందు అందరికీ ఫోన్లు వచ్చాయి. శివకోటి భార్య ఒక్కతే ఆగింది. బొమ్మలు చూసి వెళదామనేమో. ఆమె వెనక కూతురు కొంగు పట్టి లాగింది. ఆమె నోటితో కాక కళ్ళతో మళ్ళీ వస్తానంది. రాలేదు.

యాదయ్య దీపం బిగించి దిగాడు. హైమ పిలిచి శనగలు అతని రెండు చేతుల్లోనూ పోసింది. అతను వద్దనలేదు, గడప బయటే నిలబడి తిన్నాడు. ఆమె ముక్కు లేని సీతను కొంచెం పక్కకు తిప్పి పెట్టింది, ముక్కు లేదన్నది కనిపించకుండా. సోదాలో విరిగింది అది ఒక్కటే.

చలికాలం దాటి ఎండలు ముదిరాక ఎస్సై నరహరి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక్కడే, మామూలు బట్టల్లో, బైకు మీద. చంద్రమౌళిని సెల్లార్‌లోకే పిలిపించుకున్నాడు. సంచి తిరిగి ఇచ్చాడు. మాత్ర రహస్యాన్ని అమ్మింది కంపెనీ పెద్దల్లో ఒకరి బావమరిదట. వాళ్ళు వాళ్ళు రాజీ పడ్డారట. ఈ నలుగురి మీదా ఏమీ లేదని కేసు మూసేశారట.

"మీ మీద ఏం లేదు సార్. గీడ సంతకం జెయ్యండి."

చంద్రమౌళి కలం తీసుకున్నాడు కానీ సంతకం పెట్టలేదు. మూత తీసి మళ్ళీ పెట్టాడు. సంతోషమో కోపమో నాకు తెలియలేదు.

"ఒక్క మాట సార్. ఆ రోజు మీరు నలుగురి ముందు వచ్చారు. సాక్షుల్ని పిలిచారు, వీడియో తీశారు. ఇవాళ కూడా అలాగే పైకి రండి. ఆ ఇద్దరినీ పిలుద్దాం. ఏమీ లేదన్న మాట వాళ్ళ ముందు అనండి. వీడియో కూడా అక్కర్లేదు."

ఎస్సై బైకు అద్దం మీది దుమ్ము వేలితో తుడిచాడు. చెడ్డవాడు కాదు. "దొరికినప్పుడు సాక్షులు గావాలె సార్. దొరకలేదని చెప్పనీకి సాక్షులు ఉండరు. అట్ల రూల్ లేదు."

"రూల్ లేకపోయినా రావచ్చు కదండీ."

"వస్తే నన్నడుగుతరు, ఎందుకు పోయినవని." అంటూ పైకి వెళ్ళే మెట్ల వైపు చూసి, "అపార్ట్‌మెంటోళ్ళకు మీరే చెప్పుకోండి" అన్నాడు.

చంద్రమౌళి చెప్పుకున్నాడు. కేసు మూసిన కాగితం ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. దాని కింద ఒకాయన రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. తరువాత నీళ్ళ ట్యాంకరు ఎప్పుడు వస్తుందని ఎవరో అడిగారు. చర్చ అటు మళ్ళింది. ఆ టీవీ ఛానలుకు ఫోను చేస్తే ఇది పాత వార్త అన్నారు.

అయినా దేవుడు ఒక తలుపు తీశాడనిపించింది. విశాఖలో ఒక మందుల కంపెనీ అతన్ని ఇంటర్వ్యూ చేసి, తీసుకుంటామంది. మిగిలింది ఒక్కటే, వివరాల తనిఖీ. ఈ రోజుల్లో ఉద్యోగం ఇచ్చే ముందు మనిషి గురించి ఇరుగుపొరుగును అడగడానికి వేరే ఏజెన్సీలున్నాయి. అవి పోలీసులు కావు. వాటికి వారంటు అక్కర్లేదు.

ఆ రోజు చంద్రమౌళి సెల్లార్‌లోనే ఉన్నాడు. కొన్ని నెలలుగా ఊరికే కూర్చోలేక అపార్ట్‌మెంట్ చిల్లర పనులు తనే చేసేవాడు. నన్ను ఒక స్తంభం చాటున వేసుకుని, కారుతున్న పైపుకు టేపు చుడుతున్నాడు. ఏజెన్సీ అమ్మాయి చేతిలో ట్యాబ్‌తో వచ్చి సెక్రటరీ గారిని పట్టుకుంది. నాలుగో అంతస్తు చంద్రమౌళి గారు ఎలాంటివారండీ అని అడిగింది.

"మంచివాడమ్మా. మెయింటెనెన్సు టైముకి కడతాడు. నేనెవరి గురించీ చెడు చెప్పే మనిషిని కాదు" అన్నారు సూర్యప్రకాశరావు గారు. అమ్మాయి రాసుకుంది. నా మెట్టు మీద చంద్రమౌళి పాదం కొంచెం తేలికైంది.

"ఈ ఇంటికి ఎప్పుడైనా పోలీసులు వచ్చారా సార్?"

సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు. "అదీ... నేను చెప్పడం బాగుండదమ్మా. టీవీలో అందరూ చూసిందే. మనకెందుకు. అతని పేరూ బొమ్మలూ అని ఫోన్లో వెతుక్కో. నేను చెప్పానని మాత్రం రాయకు."

చంద్రమౌళి దిగాడు. గబగబా దిగలేదు. ఒక్కో మెట్టూ దిగి, టేపు జేబులో పెట్టుకుని, స్తంభం చాటునుంచి ముందుకు వచ్చాడు. సెక్రటరీ గారు ఒక అడుగు వెనక్కి వేశారు.

"నేనేనమ్మా చంద్రమౌళిని. పోలీసులు వచ్చారు. పొద్దున్న వచ్చి మధ్యాహ్నం దాకా వెతికారు. ఏమీ లేదని తేలింది, కేసు మూసేశారు. కాగితం ఉంది, చూపిస్తాను. ఈయనే ఆ రోజు సాక్షి."

ఆ అమ్మాయికి పాపం ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ట్యాబ్ అతనికి కనిపించేలా తిప్పింది. "సార్, కాగితం పెట్టడానికి ఇందులో చోటు లేదు. ప్రశ్న ఒక్కటే. వచ్చారా, రాలేదా. అవును అనో కాదు అనో నొక్కాలి."

"రాలేదని నొక్కితే?"

"నేను నొక్కేస్తాను సార్. ఎవరు చూస్తారు?" అంది ఆమె గొంతు తగ్గించి. ఆ మొత్తం కథలో అతనికి ఎవరైనా చేస్తానన్న ఒకే ఒక్క సాయం అది. అది కూడా అబద్ధం రూపంలో వచ్చింది.

అతను ట్యాబ్ వంక చూస్తూ నిలబడ్డాడు. ఇరవయ్యేళ్ళు మందుల మీద ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టిన మనిషి.

"వద్దమ్మా. అవును నొక్కు" అన్నాడు.

ఆమె నొక్కింది. విశాఖ నుంచి మళ్ళీ ఫోను రాలేదు.

వాళ్ళు ఫ్లాటు అమ్మి వెళ్ళిపోయారు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. కొనడానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ సెల్లార్‌లో నన్ను గుర్తుపట్టింది. ఇది ఆ వీడియోలోని నిచ్చెన కదా అంది. సొసైటీ మీటింగులో ఆ విషయం చర్చకు వచ్చింది. నన్ను చూస్తే ఆ రోజే గుర్తొస్తోందనీ, అపార్ట్‌మెంట్ పరువుకు మంచిది కాదనీ, ఫ్లాట్ల రేటు పడిపోతుందనీ తీర్మానించారు. సూర్యప్రకాశరావు గారే తీర్మానం రాశారు, ఈసారి రెండుసార్లు చదివి మరీ సంతకం పెట్టారు.

యాదయ్య నన్ను పాత ఇనప సామాన్ల దుకాణానికి మోసుకువచ్చాడు. దుకాణం ఖాజామియా నన్ను విప్పి నిలబెట్టాడు. ఒక్కో మెట్టునూ చేత్తో తట్టి చూశాడు, రివెట్లు గోటితో గీకి చూశాడు.

"మంచిగనే ఉంది గదా. ఎందుకమ్ముతుర్రు?"

"పోలీసోళ్ళు ఎక్కిన్రు" అన్నాడు యాదయ్య.

"ఎక్కితే ఏమైంది? విరిగిందా?"

"లేదు."

"వంగిందా?"

"లేదు."

"మరి?"

యాదయ్య తలగోక్కున్నాడు. ఖాజామియా ఇంకేమీ అడగకుండా నన్ను ఎత్తి తుక్కులో వేయకుండా పక్కన పెట్టుకున్నాడు, తన షెడ్డు రేకులు బిగించుకోవడానికి. ఇక్కడ చుట్టూ విరిగినవీ వంగినవీ తుప్పు పట్టినవీ ఉన్నాయి. వాటి మధ్య నేను రోజూ నిలబడి మనుషుల్ని మోస్తూనే ఉన్నాను.

చంద్రమౌళి ఎక్కడున్నాడో నాకు తెలియదు. అతన్ని కూడా ఇలా ఒక్కసారి చేత్తో తట్టి చూసే మనిషి ఎక్కడైనా దొరికాడో లేదో, అదీ తెలియదు.